మూతకి ఇనప పిడి

పెందుర్తి,
18 నవంబరు 2024.

బావకి గుణశేఖర్ నమస్కారాలు.

అక్క పెట్టిన రూలు ప్రకారం ఉత్తరమే రాస్తున్నాను. పోయిన ఏడాది మనిద్దరం ఫోన్లో క్రికెట్‌తో మొదలుపెట్టి మా ఇంటి పునాదుల దాకా తిట్టుకున్న రోజున, నీ ఫోన్లోంచి నా నంబరు, నా ఫోన్లోంచి నీ నంబరు తీసేసి అక్క ఏమందో గుర్తుంది కదా. "కాయితం మీదైతే సగం కోపం పెన్ను ఎతుక్కోడంలోనే పోద్ది. ఉత్తరాలు రాసుకోండి" అంది. కూర్మన్నపాలేనికీ పెందుర్తికీ మధ్య ఎంత దూరం గనక, రెండు బస్సులు. అయినా మన మధ్య తపాలా శాఖ ఉంది. మా పోస్ట్‌మన్ నీ దస్తూరీ గుర్తుపట్టేసి "స్టీల్ ప్లాంట్ బావగారి ఉత్తరం" అని గేటు దగ్గర్నుంచే కేకేస్తున్నాడు.

అసలు విషయానికి వస్తాను. బార్బెక్యూ కొన్నాను. నల్లటి డొప్ప, మూడు కాళ్లు, రెండు చక్రాలు, పైన గుండ్రటి మూత, లోపల జాలీ. మా కాలనీలో మొదట ప్రెసిడెంటు నీలకంఠం గారు కొన్నారు. తర్వాత మా వీధిలో పదకొండు ఇళ్లకి ఏడిళ్లలో ఆదివారం సాయంత్రం పొగ లేవడం మొదలైంది. పొగ లేవని ఇంటివాళ్లని వాకింగ్‌లో ఎవరూ పలకరించట్లేదు. పరవాడ ఫార్మా కంపెనీలో క్వాలిటీ డిపార్ట్‌మెంటుకి మేనేజర్‌ని, నాకే ఒక గ్రిల్ లేకపోతే ఎలా?

కార్తీకమాసంలో కొనడం నా తొందర. మాంసం ముట్టం కాబట్టి పనీరు, అరటికాయ, అనాసపండుతో ప్రారంభించాను. పనీరు జాలీ సందుల్లోంచి నిప్పుల్లో పడిపోయింది. అరటికాయ పైన బొగ్గు, లోపల పచ్చి. అనాసపండు మాత్రం ఏమీ కాలేదు, వేడెక్కింది. చివరికి జ్యోతిర్మయి అన్నీ లోపలికి పట్టుకుపోయి పెనం మీద వేయించి తెచ్చింది. కాలనీ గ్రూపులో నేను పట్కారు పట్టుకున్న ఫోటో పెడితే నలభై మంది మెచ్చుకున్నారు.

నా బాధ నిప్పుతో. రాజేస్తే భగ్గుమంటుంది, పది నిమిషాల్లో బూడిద. మధ్యరకం నిప్పు నాకు రావట్లేదు. ముప్పై నాలుగేళ్లు ప్లాంటులో ఫర్నేస్ ముందు నిలబడి రిటైరైన బావ ఉండగా నేను యూట్యూబ్ చూడడం మర్యాద కాదు. సలహా చెప్పు.

నిఖితకి చెప్పు, ఫిబ్రవరి ఇరవై మూడున పెళ్లిబుట్టలో దాన్ని మండపానికి మోసుకొచ్చేది నేనే. పక్కన ఇంకో చెయ్యి వద్దు. ఒక్కగానొక్క మేనకోడలు, పుట్టినప్పుడు మొదట ఎత్తుకున్నవాణ్ణి. రోజూ బియ్యం బస్తా ఎత్తి దించుతున్నాను.

నిప్పు కోసం కళ్లు కాయలు కాచిన నీ బావమరిది,
గుణ.


కూర్మన్నపాలెం,
25 నవంబరు 2024.

గుణకి తవిటయ్య బావ దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దాన్నిబట్టి నీ ఇంట్లో నిప్పు లేదు, పొగ ఉంది. నిప్పుకి కావలసింది బొగ్గులు కాదు, గాలి. అది ఎంత, ఎటునుంచి, ఎప్పుడు అన్నదే మొత్తం చదువు. ఆ చదువు మాకు ముప్పై నాలుగేళ్లు పట్టింది, నువ్వు ఆదివారం సాయంత్రం నేర్చుకుందామనుకుంటున్నావు.

మొదటి తప్పు, కొత్త పొయ్యిలో ఒకేసారి మంట పెట్టడం. కొత్త ఫర్నేస్‌ని మేం రోజుల తరబడి కొద్దికొద్దిగా వేడి చేసి ఆరబెడతాం. నువ్వూ మూడు రోజులు ఖాళీగా కట్టెబొగ్గులు కాల్చు. రెండో తప్పు నిఖిత ఫోన్లో నీ ఫోటో చూశాక తెలిసింది. మూతకి కొయ్య పిడి ఉంది! నిప్పు మీద పెట్టే మూతకి కొయ్య పిడి బిగించినవాడు నిప్పు మొహం చూసి ఉండడు. గాజువాకలో నాకు తెలిసిన వెల్డర్ దగ్గర మంచి ఇనప కడ్డీ వంచి పిడి చేయిస్తున్నాను. నీ తర్వాత నీ మనవలు కూడా వాడుకోవచ్చు. ఒక బ్లోయర్ కూడా తెస్తాను.

ఈ మాటలు మీ అక్కకి చదివి వినిపిస్తే ఏమందో రాస్తున్నాను, న్యాయం నువ్వే చెప్పు. "ముప్పై నాలుగేళ్లు మంట ముందు నిలబడ్డాడు గానీ ఇంట్లో స్టవ్ ఎలిగించమంటే లైటర్ ఎక్కడుందో తెలీదు" అంది. లైటర్ చోటు మారుస్తూ ఉంటుంది కదా, నా తప్పేముంది?

బుట్టకి మేదరివాళ్లకి చెప్పాను. నిఖితకి ఇప్పుడు ఇరవై ఆరేళ్లని, బ్యాంకులో కూర్చుని చేసే ఉద్యోగమని మర్చిపోకు. నీ నడుము గురించి నాకు కొంచెం బెంగగానే ఉంది.

గాలి మరువకు.
తవిటయ్య.


పెందుర్తి,
2 డిసెంబరు 2024.

బావకి నమస్కారాలు.

నువ్వు చెప్పినట్టే మూడు రోజులు ఖాళీ పొయ్యి కాల్చాను. పక్కింటివాళ్లు ఏం వండుతున్నారని అడిగితే ఆరబెడుతున్నానని చెప్పాను, వాళ్లు ఇంకేమీ అడగలేదు. జ్యోతి మాత్రం మూడు రోజులూ బూడిద ఎత్తలేక విసుక్కుంది.

నిన్నటితో కార్తీకం అయిపోయింది. ఎనిమిదో తారీఖు ఆదివారం మధ్యాహ్నం అసలు సిసలు ప్రారంభోత్సవం. నీలకంఠం గారి దంపతులు, ఇంకా అయిదు జంటలు వస్తున్నారు. ఇంతకాలం వాళ్ల పొగ నేను పీల్చాను, ఇప్పుడు నా పొగ వాళ్లు పీలుస్తారు. నువ్వు పదింటికల్లా పిడి, బ్లోయర్ పట్టుకుని వచ్చెయ్యి. అక్క, నిఖిత పెళ్లి చీరలకి వెళ్తున్నారట కదా, నువ్వొక్కడివే అయినా రా.

బావా, ఈ బార్బెక్యూలో గొప్పతనం ఏమిటంటే, ఇది పూర్తిగా మగాళ్ల వంట. ఆడవాళ్లకి ఆ రోజు సెలవు. జ్యోతికి అదే చెప్పాను. తను పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి వంజరం తెస్తుంది. ముందు రోజే కోడి, మేక ముక్కలకి అల్లం వెల్లుల్లి నూరి, పెరుగు కలిపి, మసాలా పట్టించి ఫ్రిజ్‌లో పెడుతుంది. నూట ఇరవై పుల్లలకి ముక్కలు గుచ్చుతుంది. రెండు పచ్చళ్లు, కొంచెం పులావు, పెరుగన్నం, ఎందుకైనా మంచిదని కొద్దిగా చారు. ఆ తర్వాత కడిగేవి కడుగుతుంది. మిగతాదంతా నేనే. తిప్పడం మామూలు పనిలా కనిపిస్తుంది కానీ చాలా ఏకాగ్రత కావాలి.

భోజనాలు సెల్ఫ్ సర్వీస్. ఎవరి ప్లేటు వాళ్లు పట్టుకుని గ్రిల్ దగ్గరికి రావడమే. నీలకంఠం గారింట్లో ఇదే పద్ధతి.

ఏప్రన్ కట్టుకుని నిలబడ్డ నీ బావమరిది,
గుణ.


కూర్మన్నపాలెం,
10 డిసెంబరు 2024.

శ్రీ గుణశేఖర్ గారికి,

తవిటయ్య వ్రాయునది. మీరు, మీ కాలనీ పెద్దలు క్షేమమని తలుస్తాను.

మొన్న ఆదివారం నేను రెండు బస్సులు మారి, ఒక చేతిలో పిడి, ఒక చేతిలో బ్లోయర్, జేబులో నట్లు, చంకలో ప్లాంటు నాటి మందపాటి గ్లవ్స్‌తో తమరి ఇంటికి వచ్చాను. కొయ్య పిడి ఊడదీసి ఇనప పిడి బిగించాను. రెండు గంటలు ఆ పొయ్యి ముందు నిలబడి గాలి కొట్టాను. బొగ్గులు అంచు నుంచి నడిమికి ఎర్రగా పండాయి. నా సర్వీసులో అంత సమంగా పండిన నిప్పు పదిసార్లు చూసి ఉంటాను. నీలకంఠం గారి భార్య కళ్లజోడు తుడుచుకుని మరీ చూశారు. మీరు మాత్రం "మా బావగారు, టెక్నీషియన్" అని పరిచయం చేశారు.

భోజనం వేళకి మీరు పట్కారు పట్టుకుని నా వైపు చూడకుండానే అన్న మాట నా చెవుల్లో ఇంకా ఉంది. "బావా, ప్లేట్ తీసుకుని లైన్లోకి రా" అన్నారు. లైన్లో నా ముందు ఎనిమిది మంది. చేతిలో కాగితం ప్లేటు.

మీ అమ్మ సన్యాసమ్మత్తయ్య బతికున్నంతకాలం, నేను పీట మీద కూర్చుని మొదటి ముద్ద పెట్టుకున్నదాకా ఆ ఇంట్లో ఎవరూ విస్తట్లో చెయ్యి పెట్టలేదు. వేటపోతు తలకాయ మాంసం మొదటి గరిటె అల్లుడిది. అందులో రుచి ఉందని కాదు, వరస ఉంది. మీకు అప్పుడు పదిహేనేళ్లు, ఆకలేస్తోందని ఏడిస్తే అత్తయ్య "బావ తినీదాకా ఆగు" అని కూర్చోబెట్టింది. ఆ పీట ఇప్పుడు మీ ఇంట్లో షూలు పెట్టుకోవడానికి వాడుతున్నారు, వస్తూ చూశాను.

"నాను ఎల్తాను" అన్నాను. వినిపించిందో లేదో, "సరే బావా, మొక్కజొన్న పొత్తు ఒకటి పట్టుకెల్లు" అన్నారు. బస్టాండులో నిలబడి టీ తాగి ఇంటికి వచ్చాను.

కాబట్టి తెలియజేయునది ఏమనగా, నిఖిత బుట్ట తమరు మోయనక్కర్లేదు. మీ పెదనాన్న కొడుకు, అనకాపల్లి వీరన్న కూడా దానికి వరసకి మేనమామే. వాళ్లింట్లో ఇంకా పీటల మీదే భోజనం చేస్తున్నారు. పెందుర్తి పేరు నా ఇంట్లో ఎత్తొద్దని మీ అక్కకీ, నిఖితకీ ఈరోజే గట్టిగా చెప్పాను.

ఇట్లు,
టి. తవిటయ్య, టెక్నీషియన్.


కూర్మన్నపాలెం,
26 డిసెంబరు 2024.

శ్రీ గుణశేఖర్ గారికి,

నేను ఉత్తరం వేసి పదహారు రోజులైంది. ఒక్క ముక్క రాయలేదు మీరు. "తప్పయింది బావా" అని కార్డు మీద రెండు మాటలు రాసినా నేను వెంటనే బస్సెక్కేవాణ్ణి. ఈ సంగతి మీకు తెలుసు, అందుకే రాయలేదని నాకు అర్థమైంది. పెద్దింటివాళ్లయ్యారు.

వీరన్న ఒప్పుకున్నాడు. సంబరంగా ఇప్పటినుంచే గుడ్లు తింటున్నాడట.

ఇక్కడ ఇంట్లో వాతావరణం బాగాలేదు. నిఖిత నాతో మాట్లాడటం మానేసింది. ఏమ్మా అంటే, "నువ్వు మాటాడొద్దన్నావ్ కదా" అంటుంది. మీ అక్కకి ఉన్నట్టుండి భక్తి ముదిరింది. ఈ రెండు వారాల్లో మూడుసార్లు సింహాచలం వెళ్లింది. క్యారేజీ నిండా కూర పట్టుకుని వెళ్తోంది. అప్పన్న స్వామికి చేపల పులుసు నైవేద్యం ఎప్పటినుంచి పెడుతున్నారో అడుగుదామనుకుని ఊరుకున్నాను.

నా గ్లవ్స్ మీ పిట్టగోడ మీద మర్చిపోయాను. ఎవరిచేతనైనా పంపించండి.

తవిటయ్య.


పెందుర్తి,
30 డిసెంబరు 2024.

బావకి,

ఈ దస్తూరీ జ్యోతిర్మయిది, మాటలు నావి. (కొన్ని నావి కూడా ఉంటాయి అన్నయ్యగారూ, బ్రాకెట్లో రాస్తాను. జ్యోతి.)

నీ రెండు ఉత్తరాలూ చదివించుకున్నాను. నేనెందుకు జవాబు రాయలేదో నీకు తెలియదా బావా? రెండు అరచేతులకీ కట్లున్నాయి. పెన్ను కాదు, అన్నం ముద్ద కూడా పట్టుకోలేను. (ఇన్నాళ్లూ ఉత్తరం నేను రాసిపెడతానంటే వద్దన్నారు. బావే ముందు వచ్చి చూడాలట.)

నువ్వు బస్టాండుకి వెళ్లిన అయిదు నిమిషాలకి జరిగింది. నీలకంఠం గారు ఫోన్ పైకెత్తి, "మూత తీసి పొగలో నిలబడండి, మంచి ఫోటో వస్తుంది" అన్నారు. నీ గ్లవ్స్ పిట్టగోడ మీదే ఉన్నాయి. వేసుకుందామనుకున్నాను. (అనుకోలేదు. ఫోటోలో అసహ్యంగా ఉంటాయన్నారు.) ఆ మూతకి నెల్రోజులుగా కొయ్య పిడి అలవాటు. రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. నీ ఇనప పిడి రెండు గంటలు నీ నిప్పు మీద కాగి ఉంది. వదుల్దామంటే చర్మం వదల్లేదు బావా.

అందరూ కంగారుపడ్డారు. నీలకంఠం గారు వెంటనే కారు తీశారు. (వెంటనే కాదు. పుల్లల మీద ఉన్న వంజరం మాడిపోతుందని, అది తిన్నాక తీశారు.) డాక్టరు మూడు నెలలు బరువు ఎత్తొద్దన్నాడు. అంటే మార్చి దాకా. అంటే నిఖిత పెళ్లి దాటాక.

నా కేక నీకు వినిపించిందనుకున్నాను. నీ పిడి వల్లే జరిగిందని తెలిసి భయపడి వెళ్లిపోయావనుకున్నాను. నాలుగు రోజులు పోయాక నీ ఉత్తరం వచ్చింది. చేతుల గురించి ఒక్క మాట లేదు, ప్లేటు గురించి రెండు పేజీలు. నేను ఆ రోజు చాలా ఏడ్చాను. (ఇది నిజం.)

వీరన్నకి గుడ్లు పెట్టు. నాకిక చెప్పడానికి ఏమీ లేదు.

గుణశేఖర్.

(అన్నయ్యగారూ, ఇకనుంచి అన్నీ నా మాటలే. వదిన సింహాచలం వెళ్లలేదు, మా ఇంటికి వచ్చారు. పులుసు మీ బావమరిదికి తినిపించి వెళ్లేవారు. మీరు పేరు ఎత్తొద్దన్నారని ఎత్తలేదట. ఈయన గ్రిల్‌ని కంపెనీ పద్ధతిలో విచారణ చేసి, తప్పు పిడిదని తేల్చారు. నాకు ఒక్కటే అడగాలని ఉంది. ఆ రోజు మీరు తినకుండా వెళ్లారని మీరు రాశారు. చేతులు కాలి ముద్ద పట్టుకోలేకపోతున్నానని ఈయన రాయించారు. నూట ఇరవై పుల్లలు గుచ్చిన నేను ఆ రోజు తిన్నానో లేదో ఇంతవరకూ ఏ ఉత్తరంలోనూ రాలేదు.

జ్యోతిర్మయి.)


కూర్మన్నపాలెం,
3 జనవరి 2025.

గుణా,

ఉత్తరం అందింది.

మీ అక్కని పిలిచి నాకెందుకు చెప్పలేదని అడిగాను. ఆమె చాటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా, "పెందుర్తి పేరు ఎత్తొద్దన్నావు, ఎత్తలేదు. నువ్వు ఒక్కసారైనా అడిగితే గదా సెప్పడానికి" అంది. ఇన్నాళ్లకి మొదటిసారి నా మాట పూర్తిగా విన్నది, అదీ ఇలాంటప్పుడు.

నిఖిత మూడు వారాల తర్వాత నోరు విప్పింది. నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని నిదానంగా చెప్పింది. "గుణ మావయ్య మొయ్యకపోతే నాను బుట్టలో కూకోను నాన్నా. ఈరన్న మావయ్య మోసినా కూకోను. నడిసొస్తాను, నీకు ఇష్టమేనా?" అంది. వాళ్లమ్మ గొంతే, మధ్యలో ఒక్క మాట కూడా పెరగలేదు.

గుణా, నేను ఇది రాద్దామా వద్దా అని రెండు కాగితాలు చింపాను. మా దగ్గర నిద్రలో కూడా ఎవరూ ఒట్టి చేత్తో ఇనుము ముట్టుకోరు. గ్లవ్స్ లేకుండా ఎవరైనా గేటు దాటితే మొదట కేకలేసేది నేనే. అందుకే పిడికి ఇనుమే మంచిదనుకున్నాను. ఇళ్లలో మనుషులవి ఒట్టి చేతులని నాకు తట్టలేదు. పిడి డిజైన్‌లో మాత్రం లోపం లేదు. ఈ ఆఖరి వాక్యం కొట్టేద్దామనుకున్నాను, కానీ కొట్టేస్తే నువ్వు ఎలాగూ దీపం దగ్గర పెట్టి చదువుతావు.

అమ్మా జ్యోతీ, నువ్వు ఆ రోజు తిన్నావో లేదో నాకు తెలియదు. రెండు గంటలు ఆ పొయ్యి దగ్గర నిలబడ్డాను. నువ్వు లోపలికీ బయటికీ ఎన్నిసార్లు తిరిగావో చూశాను, కానీ చూసినట్టు ఇప్పుడు తెలుస్తోంది. సిగ్గుగా ఉంది.

ఎల్లుండి ఆదివారం వస్తున్నాను. నా కోసం ఏమీ వండొద్దు.

తవిటయ్య.


పెందుర్తి,
9 ఫిబ్రవరి 2025.

బావకి నమస్కారాలు.

నా చేత్తో నేనే రాస్తున్నాను. అక్షరాలు ఒకటో తరగతి పిల్లాడివిలా ఉన్నాయి, సర్దుకో. మొన్న కట్లు పూర్తిగా తీసేశారు. అరచేతుల్లో గీతలు పోయాయి, ఇక జాతకం చూపించుకునే బాధ లేదు.

నువ్వు వచ్చి వెళ్లి నెల దాటింది. ఆ రోజు ఎదురుగా ఉన్నప్పుడు నోరు రాలేదు, ఇప్పుడు రాస్తున్నాను. నువ్వు రాగానే గుమ్మం దగ్గరున్న పీట మీంచి మా షూలు తీసి కింద పెట్టావు, పీట కడిగావు, దాని మీద నన్ను కూర్చోబెట్టావు. అక్క తెచ్చిన చారన్నం కలిపి ముద్ద నా నోటికి అందించావు. మొదటి గరిటె నీకు వడ్డించలేదని బస్సెక్కిన మనిషివి నువ్వే కదా అని నవ్వుదామనుకున్నాను. ఈలోగా రెండో ముద్ద పెట్టేశావు. నీ చేతి ముద్ద చాలా పెద్దది బావా, మనిషి నోటికి కాదు ఫర్నేస్‌కి వేస్తున్నట్టు ఉంది. అయినా నాలుగు ముద్దలు తిన్నాను. నిన్ను లైన్లో నిలబెట్టినందుకు తప్పయింది బావా. ఇవే రెండు మాటలు నువ్వు అడిగినవి, అరవై రోజులు ఆలస్యంగా.

ఇక బుట్ట సంగతి. డాక్టరు ససేమిరా అన్నాడు. కాబట్టి నువ్వు వచ్చినప్పుడు మనం అనుకున్నట్టే, ఒకవైపు వీరన్న, ఒకవైపు నేను. నేను అంచు మీద చెయ్యి వేసి నడుస్తాను, బరువంతా వీరన్నది. అంత గుడ్లు తిన్నాడు, మోయనీ. ఒకవైపే మోస్తే బుట్ట ఒరిగిపోదా అని జ్యోతిని అడిగాను. "సూద్దాం లెండి" అంది. ఆ మాట అన్నదంటే ఏదో ఆలోచించే ఉంటుంది.

కాలనీలో ఇప్పుడు ఎవరూ బార్బెక్యూ వెలిగించట్లేదు. నీలకంఠం గారు పెరట్లో ఇటుకలతో పిజ్జా పొయ్యి కట్టించారు. అప్పుడే మూడిళ్లలో ఇటుకలు దిగాయి. మన గ్రిల్‌ని ట్రాలీ ఆటోలో నీకు పంపిస్తున్నాను. దాన్ని చూస్తే నా చేతులు మండుతున్నాయి. నీ గ్లవ్స్, నువ్వు ఊడదీసిన కొయ్య పిడి దానిలోపల పెట్టాను.

కొత్త చర్మంతో,
నీ గుణ.


కూర్మన్నపాలెం,
12 మార్చి 2025.

గుణకి, జ్యోతికి తవిటయ్య దీవెనలు.

నిఖిత, అల్లుడు ఉమాశంకర్ మొన్న వచ్చి వెళ్లారు. పెళ్లి ఆల్బమ్ తెచ్చారు. ఇంత లావున ఉంది, పక్కన పెడితే చిన్న పీటలా ఉంది.

బుట్ట ఫోటో ఒక పేజీ అంతా వేశారు. ఎడమవైపు వీరన్న, మొహం ఎర్రగా కందిపోయి, పళ్లు బిగబట్టి. కుడివైపు నువ్వు, పట్టుపంచె, నవ్వు, అంచు మీద రెండు వేళ్లు. ఆ రోజు మండపం దగ్గర నిలబడి నేనూ అదే చూశాను. అందరూ మేనమామ మోస్తున్నాడని చప్పట్లు కొట్టారు. నేను కొట్టాను. నాకు కళ్లు చెమ్మగిల్లాయి కూడా. ఒకవైపే మోస్తే బుట్ట ఒరిగిపోదా అని నీకు వచ్చిన అనుమానం నాకు రాలేదు, చూడు.

ఫోటో చూస్తూ మీ అక్క బుట్ట అడుగున వేలు పెట్టి చూపించింది. నీ పక్కన, పూలదండల కింద, ఇంకో చెయ్యి ఉంది. మోచేతి దాకా బిగుసుకుపోయి, ఆ వైపు బరువు మొత్తం దానిమీదే. ఆకుపచ్చ గాజులు. మనిషి కనిపించట్లేదు. నీ పంచె వెనకాల వంగి నడిచింది. నిఖితకి ముందే తెలుసట. "అత్త మోసింది, మావయ్య పేరు" అని నవ్వింది. మీ అక్కకీ తెలుసు. తెలియనివాళ్లం ఆ మండపంలో మనిద్దరమే అనుకుంటాను. లేకపోతే నీకు తెలుసేమో, అంచు మీద రెండు వేళ్లు వేసుకుని నవ్వుతున్నావు కాబట్టి.

రాత్రి నీ పాత ఫోటో ఒకటి కూడా తీసి చూశాను, పట్కారు పట్టుకుని నిలబడ్డది. నలభై మంది మెచ్చుకున్నది. దానిలో గాజుల చెయ్యి ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. లేదు. పెనం వంటింట్లో ఉంది కదా. నన్ను నేను తక్కువ చేసుకోను గానీ, నా ఫోటోలు కూడా ఒకసారి చూసుకోవాలి. రిటైరైన రోజున నాకు దండ వేసిన ఫోటో ఒకటి ఉంది. పొద్దున్న ఆరింటి షిఫ్టుకి వెళ్లే రోజుల్లో ముప్పై నాలుగేళ్లు తెల్లారకుండా క్యారేజీ కట్టిన మనిషి అందులో లేదు.

ఆదివారం మీరిద్దరూ రండి. గ్రిల్ పెరట్లో పెట్టి రెండు రోజులుగా మసాలా నూరడం నేనే సాధన చేస్తున్నాను. ఉల్లిపాయలు తరిగేటప్పుడు ప్లాంటు గ్లవ్స్ వేసుకున్నాను, మీ అక్క గుమ్మంలో నిలబడి చాలాసేపు నవ్వింది. నవ్వనీ. పుల్లలు నువ్వు వచ్చాక గుచ్చుదాం, నీ వేళ్లకి వ్యాయామం. గిన్నెలు కూడా మనవే. లైటర్ ఎక్కడుందో కనుక్కున్నాను.

మూతకి ఇనప పిడి తీసేసి, కొయ్య పిడి మళ్లీ బిగించాను. దాన్ని చేసినవాడికి నిప్పు తెలియకపోయినా చేతులు తెలుసు.

పీటలు రెండు కడిగి పెట్టాను. ఒకటి జ్యోతికి, ఒకటి మీ అక్కకి. మొదటి ముక్క వాళ్లది, వాళ్లు తిన్నామన్నాకే మనది. నా ప్లేటు నేనే పట్టుకుని నీ వెనకాల నిలబడతాను.

మీ బావ,
తవిటయ్య.